సేవాభావం ఒక్కటే చాలదు: ఆక్యుపేషనల్ థెరపీ చదవాలనుకునేవారికి కావలసినవి

ఇంటర్ ఫలితాలు వచ్చాక మన సంఘ కాపరులకు ఒక పని పెరుగుతుంది. మిషన్ ఆసుపత్రుల కళాశాలలకు దరఖాస్తు చేసే పిల్లలకు సిఫారసు ఉత్తరాలు రాయాలి. ఆ ఉత్తరాల్లో తరచుగా కనిపించే మాట ‘సేవాభావం గల యువతి’, ‘సేవాభావం గల యువకుడు’. మాట మంచిదే. కానీ ఆక్యుపేషనల్ థెరపీ లాంటి చదువుకు వెళ్లే పిల్లల విషయంలో ఆ ఒక్క మాట చాలా విషయాలను కప్పేస్తుంది. ఎంబీబీఎస్ సీటు రాలేదు, నర్సింగ్ ఇష్టం లేదు, ‘ఏదో ఒక మెడికల్ కోర్సు’ అని చేరి, రెండో ఏడాది ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టాక ఇది నా వల్ల కాదని తెలుసుకునే పిల్లలు ఉంటారు. ఈ చదువుకు అన్ని విధాలా తగినవారై ఉండీ, కాలికో చేతికో లోపం ఉందని దరఖాస్తే పెట్టని పిల్లలూ ఉంటారు. ఈ ఇద్దరికీ తెలియాల్సింది ఒక్కటే: ఈ పనికి నిజంగా ఏ సామర్థ్యాలు కావాలి?

ముందుగా పేరు సంగతి. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం అనుకొని, ఇది ఉపాధి చూపించే కోర్సని పొరబడేవారు ఉన్నారు. ఆసుపత్రిలో ‘ఓటీ’ అంటే ఆపరేషన్ థియేటర్ కాబట్టి అక్కడ సహాయకులుగా చేసే పని అనుకునేవారూ ఉన్నారు. ఈ రెండూ కాదు. మనిషి పొద్దున లేచింది మొదలు చేసే పనులన్నీ ఇక్కడ ఆక్యుపేషన్ కిందికే వస్తాయి. పళ్లు తోముకోవడం, స్నానం, చీర కట్టుకోవడం, అన్నం కలుపుకొని తినడం, పిల్లవాడు పలక మీద రాయడం, తాపీ మేస్త్రీ మళ్లీ తాపీ పట్టుకోవడం, అన్నీ. జబ్బు వల్లనో, ప్రమాదం వల్లనో, పుట్టుకతో వచ్చిన లోపం వల్లనో ఈ పనులు చేయలేకపోతున్న మనిషి మళ్లీ చేసుకోగలిగేలా తీర్చిదిద్దడమే ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా కండరాల బలం, కీళ్ల కదలిక, నడక మీద పని చేస్తే, ఈమె ఆ బలంతో, ఆ కదలికతో రోజు గడిచేలా చూస్తుంది. రెండూ ఒకదాన్నొకటి ఆనుకొని ఉండేవే.

ఈ వృత్తికి సంఘం ఏర్పడింది 1917 మార్చిలో, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో. మన దేశంలో మొదటి శిక్షణ పాఠశాల 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదలైంది. అమెరికాలో పుట్టి, మరాఠీ ఇంటి కోడలైన కమలా నింబ్‌కర్ దాన్ని ప్రారంభించారు. అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం 1952 నాటిది. ఇవాళ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, కటక్ దగ్గర ఒలత్‌పూర్‌లోని జాతీయ సంస్థ, కోల్‌కతా, చెన్నై, మణిపాల్ వంటి చోట్ల ఈ డిగ్రీ ఉంది. ఇంటర్‌లో సైన్సు చదివినవారికి ఇది నాలుగేళ్ల పైబడిన చదువు, చివర్లో ఇంటర్న్‌షిప్. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ప్రమాణాల ప్రకారం విద్యార్థి కనీసం 1000 గంటలు రోగులతో పర్యవేక్షణలో పని చేయాలి. అసలు పరీక్ష ఆ 1000 గంటల్లోనే.

అమెరికాలో ఈ కోర్సు ఉన్న కళాశాలలు ‘ఈ చదువుకు అవసరమైన సామర్థ్యాలు’ అంటూ ఒక పత్రం ముందే ఇస్తాయి. చూడడం, వినడం, తాకి తెలుసుకోవడం ఒక భాగం. శరీరాన్ని కదిలించే శక్తి ఒకటి. ఆలోచించి తేల్చుకోవడం ఒకటి, మాట్లాడడం రాయడం ఒకటి, మనసు నిలకడ, నడవడిక మరొకటి. విద్యార్థి దాన్ని చదివి సంతకం చేయాలి. మన దగ్గర సాధారణంగా మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో సరిపెడతారు. అంత వివరంగా ముందే చెప్పడం మంచి పద్ధతి. ఆ పత్రాన్ని ఎలా చదవాలన్న దగ్గరే చిక్కు వస్తుంది.

శరీర బలంతో మొదలుపెడదాం. తల్లిదండ్రుల భయం ఎక్కువగా దీని గురించే. ‘మా అమ్మాయి సన్నగా ఉంటుంది, రోగుల్ని ఎత్తగలదా?’ అని అడుగుతారు. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మార్చడం ఈ విద్యార్థులు తొందరగానే నేర్చుకునే పని. కుర్చీని రోగికి బలం ఉన్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టాలి. బ్రేకులు వేయాలి. పాదాలు ఆనించే పలకల్ని పైకి మడవాలి. రోగిని మంచం అంచుకు జరిపి, రెండు పాదాలూ నేలకు ఆనేలా కూర్చోబెట్టాలి. చచ్చుబడిన వైపు మోకాలు వంగిపోకుండా థెరపిస్టు తన మోకాలిని అడ్డం పెట్టాలి. పట్టుకోవాల్సింది నడుముకు కట్టిన బెల్టును. చచ్చుబడిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. తన నడుము వంచకుండా మోకాళ్లు వంచి, మూడు లెక్కపెట్టి, రోగి తానే లేచేలా సాయపడాలి. ఇందులో కండబలం కన్నా కిటుకు ఎక్కువ. సన్నటి అమ్మాయి పద్ధతిగా చేసే పనిని, బలం ఉంది కదా అని చంకల కింద చేతులు వేసి ఎత్తేసే అబ్బాయి పాడుచేయగలడు. ఒక్కరితో కాదనిపిస్తే రెండో మనిషిని పిలవాలన్న తెలివి కూడా ఈ సామర్థ్యంలో భాగమే. మొహమాటానికి పోయి పిలవనివారి చేతుల్లోంచే రోగులు జారిపడతారు.

ఇక గంటల తరబడి నిలబడడం, పిల్లలతో నేల మీద కూర్చొని లేవడం, గబుక్కున పట్టుకోవలసి రావడం ఉంటాయి. ఇవన్నీ ముందే తెలుసుకోవలసినవే.

చూపు, స్పర్శ అన్నవి ఆ పత్రంలో చిన్న మాటలుగా కనిపిస్తాయి. వార్డులో మాత్రం చాలా పెద్దవి. స్ప్లింట్ తయారీనే తీసుకోండి. వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ పలకను రోగి చేతి మీద ఒత్తి, చల్లారేలోగా ఆకారం తేవాలి. అది తొడిగి తీశాక చర్మం మీద ఎర్రటి మచ్చ పడిందా, 20 నిమిషాల తర్వాత కూడా ఆ ఎరుపు పోలేదా అని చూడాలి. పోకపోతే అక్కడ ఒత్తుకుంటోందని అర్థం, స్ప్లింట్‌ను సరిచేయాలి. కుష్ఠు వ్యాధి వల్ల చేతికి స్పర్శ పోయిన మనిషి ‘నొప్పిగా ఉంది’ అని చెప్పడు. అతనికి నొప్పి తెలియదు. వేడి టీ గ్లాసు పట్టుకొని వేళ్లు కాల్చుకున్నా తెలియదు. అతని చర్మం చెప్పలేనిది థెరపిస్టు కన్ను చూడాలి. గ్లాసుకు గుడ్డ చుట్టడం, గరిటెకు చెక్క పిడి వేయించడం, రాత్రి పడుకోబోయే ముందు చేతులూ పాదాలూ చూసుకోవడం అలవాటు చేయించాలి. వెల్లూరులోనూ, దగ్గర్లోని కరిగిరి కుష్ఠు ఆసుపత్రిలోనూ ఇది దశాబ్దాలుగా నేర్పుతున్న విద్య. డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో వెల్లూరులో వంకరపోయిన చేతులకు స్నాయువులు మార్చే శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. కానీ సర్జన్ సరిచేసిన చేతికి మళ్లీ పని నేర్పకపోతే, కాపాడుకోవడం నేర్పకపోతే, ఆ చేయి ఎంతోకాలం నిలవదు.

ఆలోచనా శక్తి అంటే మార్కులు అనుకుంటాం. శరీర నిర్మాణం, నరాల పనితీరు, మనోవిజ్ఞానం చదవాలి కాబట్టి మార్కులు కొంత నిజమే. అయితే ఈ చదువుకే ప్రత్యేకమైన ఆలోచన ఒకటుంది. మనం చూడకుండానే చేసేసే పనిని ముక్కలుగా విడదీసి చూడడం. అన్నంలో పప్పు కలుపుకొని తినడం ఎన్ని పనులు? కంచం జరగకుండా రెండో చేయి పట్టుకోవాలి. వేళ్లు విడిపోవాలి, మళ్లీ దగ్గరికి రావాలి. ముద్ద ఎంత వేడిగా ఉందో వేలి కొసలకు తెలియాలి. బొటనవేలు మిగతా నాలుగు వేళ్లకు ఎదురుగా రావాలి. ముంజేయి తిరగాలి, మోచేయి వంగాలి, నోటి దాకా చేరేసరికి ముద్ద చెదరకూడదు. చివర్లో బొటనవేలితో నోట్లోకి నెట్టాలి. పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ఇందులో ఎక్కడ తెగింది? బొటనవేలు రావడం లేదా, ముంజేయి తిరగడం లేదా, అసలు కంచంలో ఎడమ సగం ఆయన గమనించడం లేదా? మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారిలో ఈ చివరిది కనిపిస్తుంది. కళ్లు బాగానే ఉంటాయి కానీ ఎడమవైపు ప్రపంచం ఉన్నట్టే తోచదు. ఇంట్లోవాళ్లు ‘నాన్నకు అన్నం సయించడం లేదు, సగం వదిలేస్తున్నారు’ అనుకుంటారు. విద్యార్థి కంచం తిప్పి చూడాలి. తిప్పగానే ఆయన మిగతాది తింటే, లోపం ఎక్కడుందో తెలిసినట్టే. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో చెంచా ఫోర్కు పట్టుకోవడం ఉంటుంది. మన ముద్ద గురించి మన పిల్లలే ఆలోచించాలి. చీర కుచ్చిళ్లు, నేల మీద కూర్చొని లేవడం, గొంతుకూర్చునే మరుగుదొడ్డి గురించి కూడా అంతే.

మాట్లాడే సామర్థ్యం అంటే ఇంగ్లీషు కాదు. చదువు ఇంగ్లీషులో సాగుతుంది కాబట్టి అది కావాలి, కేసు నోట్సు అందులోనే రాయాలి. రోగితో మాట్లాడేది మాత్రం రోగి భాషలో. వెల్లూరుకు చిత్తూరు వైపు నుంచి తెలుగువారు వస్తారు, తమిళులు వస్తారు, బెంగాలు నుంచీ ఈశాన్యం నుంచీ వస్తారు. ‘నెమ్మదిగా’, ‘నొప్పిగా ఉందా’, ‘మళ్లీ ఒకసారి’, ‘చాలు’ అన్న నాలుగు మాటలు మూడు భాషల్లో వచ్చిన విద్యార్థికి పని సగం తేలిక. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషితో అసలు మాటలే ఉండవు. అతని ముఖం చూసి అర్థం చేసుకోవాలి. అతను వెతుక్కుంటున్న మాటను మనం తొందరపడి అందించకుండా ఆగాలి.

ఈ ఆగడం గురించే మరికాస్త చెప్పాలి. ‘సేవాభావం’ అన్న మాట పూర్తిగా దారి తప్పించేది ఇక్కడే. మన ఇళ్లలో ప్రేమ అంటే చేసిపెట్టడం. నాన్నకు పక్షవాతం వస్తే కొడుకు చొక్కా తొడుగుతాడు, కోడలు తినిపిస్తుంది, ‘మీరు కదలకండి మామయ్యా’ అంటుంది. మంచి ఇంట్లో పెరిగిన పిల్లలకు ఇదే అలవాటు. అలాంటి విద్యార్థి ఎదురుగా ఒక రోగి ఒంటిచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు కష్టపడుతుంటే చేతులు ఊరుకోవు. వెళ్లి పెట్టేస్తాడు. రోగి కృతజ్ఞతగా చూస్తాడు, విద్యార్థికి సేవ చేశానన్న తృప్తి. ఆ రోజు థెరపీ జరగలేదు. చేతులు వెనక్కి కట్టుకొని, ముఖంలో తొందర కనిపించనివ్వకుండా, ఎక్కడ ఆగిపోయాడో గమనిస్తూ, సరిగ్గా ఎంత సాయం కావాలో అంతే చేయడం చాలా కష్టమైన విద్య. దాన్ని నేర్చుకోలేని దయాళువులు ఈ వృత్తిలో రోగుల్ని శాశ్వతంగా పరాధీనుల్ని చేస్తారు. పైగా ఇంటివాళ్లకు కూడా ఇదే నేర్పాలి. ‘అత్తమ్మా, మీరు తినిపించడం ఆపండి’ అని ఇరవై ఏళ్ల పిల్ల అరవై ఏళ్ల ఆవిడకు నొప్పించకుండా చెప్పగలగాలి.

మనసు నిలకడ గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవడం మంచిది. స్నానం చేయడం, మరుగుదొడ్డికి వెళ్లడం మళ్లీ నేర్పడం ఈ పనిలో ఉంది. కాలిన గాయాలుంటాయి, వాటి వాసన ఉంటుంది. కరిచే, రక్కే పిల్లలుంటారు. మానసిక వైద్య విభాగంలో తిట్టే రోగులుంటారు. వెన్నెముక దెబ్బతిని, ఇక నడవలేనని నిన్ననే తెలిసిన పాతికేళ్ల యువకుడు ‘నాకెందుకు ఈ ముద్దలు పట్టుకోవడాలు’ అని సామాను విసిరికొడతాడు. దాన్ని మన మీద కోపంగా తీసుకోకూడదు. అలాగని ఏమీ పట్టనట్టు ఉండకూడదు. మొదటిరోజే ఎవరికీ ఇది చేతకాదు. అందుకే కళాశాలలు చూడాల్సింది ‘తట్టుకోగలవా’ అని కన్నా ‘తట్టుకోలేనప్పుడు సీనియర్‌కు చెప్పుకుంటావా’ అని.

నడవడిక కింద రెండు విషయాలు మన సంఘాల పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. రోగి గురించి తెలిసినది బయట చెప్పకూడదు. ‘ప్రార్థన కోసం’ అనైనా సరే. ఫలానా వార్డులో ఫలానా ఊరి ఆవిడకు ఇలా ఉంది అని కూడికలో పేరుతో సహా చెప్పడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆమె నమ్మకాన్ని వమ్ము చేయడమే. రెండోది, నీకు విశ్వాసం చాలక ఈ స్థితి వచ్చిందనో, పాపం వల్ల వచ్చిందనో ధ్వనించే మాట చక్రాల కుర్చీలో ఉన్న మనిషితో ఎప్పుడూ అనకూడదు. ఆ మాటలు అతను అప్పటికే చాలామంది నోట విని ఉంటాడు.

ఇప్పుడు మొదట్లో అన్న రెండో రకం పిల్లల సంగతి. ఇలాంటి పత్రం చేతిలో పెడితే, కాలికి లోపం ఉన్న అమ్మాయి ‘నిలబడగలగాలి’ అన్న వాక్యం దగ్గరే ఆగిపోతుంది. కానీ ఈ వృత్తి పుట్టుకనే చూడండి. 1917లో క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో తన ఇంట్లో ఆ సమావేశం జరిపిన జార్జ్ బార్టన్ వైద్యుడు కాదు, భవన నిర్మాణ శిల్పి. క్షయతో బాధపడ్డాడు, పాదంలో కొంత భాగం తీసేశారు, శరీరంలో ఎడమవైపు చచ్చుబడింది. తోటపనితో, వడ్రంగంతో తనను తాను తిరిగి నిలబెట్టుకున్న అనుభవంలోంచే ఈ ఆలోచన ఆయనకు వచ్చింది. నేటి పత్రాలను అక్షరాలా పట్టుకుంటే ఆయనకు సీటు రాదు.

వెల్లూరుకు వస్తే, డాక్టర్ మేరీ వర్గీస్ థెరపిస్టు కాదు, వైద్యురాలు. అయినా ఈ విషయంలో ఆమె కన్నా దగ్గరి ఉదాహరణ లేదు. 1954లో వాహన ప్రమాదంలో ఆమెకు నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. చేతికి ఆపరేషన్ కూర్చొని చేయవచ్చు కదా! న్యూయార్క్‌లో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ‘సర్జన్ నిలబడాలి’ అన్నది అలవాటు. ‘సర్జన్ చేయి పొరపాటు లేకుండా పని చేయాలి’ అన్నది అవసరం. రెంటికీ తేడా ఎవరో ఒకరు గుర్తించబట్టే అది సాధ్యమైంది.

చట్టం కూడా మెల్లగా ఈ తేడా వైపే నడుస్తోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్నవారికి కేటాయించమంటుంది. తగిన వెసులుబాటు నిరాకరించడాన్ని వివక్ష అంటుంది. ఎంబీబీఎస్ ప్రవేశాల విషయంలో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, వైకల్యం శాతం ఇంత ఉందన్న ఒక్క కారణంతో సీటు కాదనకూడదని, ఆ విద్యార్థి ఆ చదువు సాగించగలడో లేదో బోర్డు పరిశీలించి చెప్పాలని తీర్పిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ‘రెండు చేతులూ లోపం లేకుండా ఉండాలి’ అన్న నిబంధననే తప్పుపట్టింది. ఇవి వైద్య విద్యకు సంబంధించిన తీర్పులే అయినా, వాటి వెనుకున్న తర్కం ఆక్యుపేషనల్ థెరపీకి ఇంకా బాగా వర్తిస్తుంది. రోగికి ‘ఒంటిచేత్తో చొక్కా తొడుక్కోవచ్చు’ అని నేర్పే వృత్తి, ఒక చేయి సరిగా లేని విద్యార్థిని ఏ ముఖంతో కాదంటుంది?

అయితే దీనికి అవతలి గట్టు కూడా ఉంది. 1979లో అమెరికా సుప్రీంకోర్టు సౌత్‌ఈస్టర్న్ కమ్యూనిటీ కాలేజీ కేసులో, వినికిడి లోపం తీవ్రంగా ఉన్న ఒకామెకు నర్సింగ్‌లో సీటివ్వని కళాశాల వైపే తీర్పిచ్చింది. కోర్సు స్వరూపమే మారిపోయేంత మార్పు చేయమని కళాశాలను అడగలేమన్నది. ఆ తీర్పు నాటికి, నేటికి సాధనాలు చాలా మారాయి. కానీ సూత్రం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. రోగి పడిపోతుంటే గుర్తించడం, స్ప్లింట్ కింద పుండు పడుతుంటే కనిపెట్టడం, ప్రమాదంలో సాయం పిలవడం ఎవరికీ మినహాయించలేనివి. పెద్ద అక్షరాల తెర, కూర్చొనేందుకు ఎత్తు స్టూలు, పరీక్షలో అదనపు సమయం, శబ్దం పెంచే స్టెతస్కోపు ఇవ్వగలిగినవి. ‘ఎలా చేస్తావు’ అన్నది మార్చవచ్చు, ‘చేయాలా’ అన్నది కొన్నిచోట్ల మార్చలేము. ఈ గీత ఎక్కడ అన్నది ప్రతి విద్యార్థి విషయంలో కూర్చొని తేల్చాల్సిందే. ఒక్క సర్టిఫికెట్‌లోని శాతం చూసి తేల్చేది కాదు.

దరఖాస్తు పెట్టబోయే పిల్లలు అంతకుముందే దగ్గరి ఆసుపత్రిలోని ఆక్యుపేషనల్ థెరపీ విభాగంలోనో, ప్రత్యేక అవసరాల పిల్లల బడిలోనో అనుమతి అడిగి మూడు నాలుగు రోజులు గడపడం మంచిది. ఊరికే చూడండి. ఒక రోగి ఒకే పనిని నలభైసార్లు చేస్తుంటే మీకు విసుగు వచ్చిందా, లేక నలభై ఒకటోసారి ఏం మారిందో కనిపించిందా చూసుకోండి. లోపం ఉన్నవారు ఆ సంగతి దాచకుండా, ఏ వెసులుబాటు ఉంటే ఏ పని చేయగలరో రాతపూర్వకంగా ముందే కళాశాలకు చెప్పండి, జవాబు కూడా రాతలోనే అడగండి. సిఫారసు ఉత్తరం రాసే కాపరులు ‘సేవాభావం’ అన్న మాట కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చవచ్చు. ఈ పిల్ల ఆదివారపు బడిలో అల్లరి పిల్లవాడితో ఎలా ఉంటుంది, చెప్పిన రహస్యం దాస్తుందా, తనకు చేతకానిది చేతకాదని ఒప్పుకుంటుందా. సీటు ఇచ్చేవారికి మార్కుల జాబితాలో దొరకనివి అవే.